పారెయ్యమనే పెద్దమనుషులకు

పాత వస్తువును పారెయ్యమని చెప్పడానికి మన సమాజంలో ఏ అర్హతా అక్కర్లేదు. బాగుచేస్తానన్నవాడు మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఎందుకు, ఎంతసేపు, ఎంత ఖర్చు, ఏమి లాభం? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పుకుంటే గాని వాడు ఒక్క మర విప్పడానికి వీల్లేదు. పారేసేవాణ్ణి మాత్రం ఇందులో ఒక్క ప్రశ్న కూడా ఎవరూ అడగరు. ఈ పక్షపాతం మీదనే నా తగాదా.

నేను ఇంట్లో కూర్చుని బాగుచేసేవి ఘనమైన వస్తువులేమీ కావు. చేతిలో పట్టుకుని ఆడుకునే పాత వీడియో గేములు. 1990లలో నిజామాబాదులోనో బోధన్‌లోనో పెరిగినవారికి వీటిని పరిచయం చెయ్యనక్కర్లేదు. పెట్టె మీద ‘9999 ఆటలు’ అని అచ్చువేసుకుని, లోపల అవే కొన్ని ఆటలను వేగం మార్చి, వరస మార్చి చూపించే బ్రిక్ గేములు జాతర దుకాణాల్లోనూ ఫ్యాన్సీ షాపుల్లోనూ వేలాడుతూ ఉండేవి. అంతకంటె పై మెట్టు నింటెండో వారి గేమ్ బాయ్. దానికోసం గల్ఫ్ వైపు చూడవలసిందే. మాది గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన జిల్లా. సెలవు మీద వచ్చినవారి పెట్టెల్లో టేప్ రికార్డరుకూ సెంటు సీసాలకూ మధ్యన ఒక్కోసారి ఆ బూడిదరంగు పెట్టె కూడా ఉండేది. తెచ్చిన తండ్రి మళ్ళీ రెండేళ్ళకో మూడేళ్ళకో గాని రాడు. అందాకా పిల్లవాడి చేతిలో ఆయన గుర్తుగా మిగిలేది అదే. ఇప్పుడు ఆ పిల్లలకు నలభై ఏళ్ళు వచ్చాయి. అటక మీది నుంచి దింపి, దుమ్ము తుడిచి, సెల్లులు వేసి చూస్తారు. వెలగదు. పక్కనున్న పెద్దమనిషి అంటాడు: ‘పారెయ్యరాదూ!’

అయ్యా, కొంచెం ఆగండి. వెలగకపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియనివాడు తీర్పు చెప్పకూడదు. ముందు వీటికి వచ్చే జబ్బులేమిటో నాలుగు మాటల్లో చెబుతాను, వినండి.

అన్నిటికంటె తరచుగా కనిపించేది సెల్లుల గదిలో కిలుము. ఎన్నడో మరచిపోయి లోపలే వదిలేసిన పెన్సిల్ సెల్లులు కారి, తీగచుట్టల మీద తెల్లగానూ పచ్చగానూ పేరుకుంటుంది. కరెంటు దాన్ని దాటి పోలేదు. మన ఊళ్ళలో ఎక్కువగా వాడింది జింకు-కార్బను సెల్లులు. వాటి కారుడు ఆమ్లగుణం కలది గనుక దానికి మందు వంటసోడా కలిపిన నీళ్ళు. ఆల్కలైన్ సెల్లుదైతే క్షారం, దానికి నిమ్మరసమో వెనిగరో కావాలి. ఏది కారిందో చూడకుండా అన్నిటికీ నిమ్మకాయ రుద్దేవారు ఆమ్లం మీద ఆమ్లం పోస్తున్నారన్నమాట. ఏది వాడినా తరువాత ఆ తడిని పూర్తిగా తుడిచి, ఆరబెట్టాలి. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి.

రెండోది, బ్రిక్ గేము తెరలో గీతలు మాయమవడం. ఈ జబ్బు చూడగానే తెర పోయిందనుకుంటారు. తెర పోలేదు. అద్దానికీ లోపలి బోర్డుకూ మధ్యన రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. కరెంటు పారే పొర, పారని పొర, మళ్ళీ పారే పొర - ఇట్లా చారలు చారలుగా ఉంటుంది గనుక దాన్ని జీబ్రా పట్టీ అంటారు. టంకం లేదు, తీగ లేదు. నొక్కిపట్టి ఉంచడమే దాని కిటుకు. మరలు వదులైనా, దుమ్ము చేరినా గీతలు పోతాయి. మూత విప్పి, పట్టీ అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచి, మళ్ళీ తిన్నగా కూర్చి, మరలను అన్నివైపులా సమంగా బిగిస్తే గీతలు తిరిగివస్తాయి. ఐతే అదే బోర్డు మీద నల్లటి లక్క బొట్టులాంటిది ఒకటి కనిపిస్తుంది. ఆటల చిప్పు దానికింద ఉంటుంది. అది పోతే మాత్రం చేసేదేమీ లేదు. ఈ సంగతి దాచను.

గేమ్ బాయ్‌కు వచ్చేది దీనికి చుట్టమైన జబ్బే. నిలువుగీతలు పోతాయి. అక్కడ తెర అంచున పలచని పట్టీ వేడితో అంటించి ఉంటుంది. ఏళ్ళు గడిచి ఆ అతుకు సడలుతుంది. దాని మీది రబ్బరు మీదుగా సోల్డరింగ్ ఐరన్‌ను తక్కువ వేడితో మెల్లగా నడిపిస్తే అతుకు మళ్ళీ పడుతుంది. గుండీలు పలకకపోతే వాటి అడుగున ఉన్న కార్బను చుక్కలకూ బోర్డుకూ మధ్య మురికి చేరిందన్నమాట. దానికీ దూదీ ఆల్కహాలే. ఇక ఆటల క్యాసెట్లు. కొన్నిటిలో ఆడినంతవరకూ జ్ఞాపకం ఉంచుకోవడానికి బొత్తాం సెల్లు ఒకటి అతికి ఉంటుంది. అది అయిపోతే ఆట నడుస్తుంది గాని నిన్నటి సంగతి గుర్తుండదు. సెల్లు మార్చవచ్చు, ఐతే లిథియం సెల్లు మీద నేరుగా వేడి ఐరన్ పెట్టకూడదు. రేకుచెవులు ముందే అతికి ఉన్న సెల్లు తెచ్చుకోవాలి. 1990లో వచ్చిన సెగా వారి గేమ్ గేర్‌కైతే కెపాసిటర్లు కారడం ఇంచుమించు జన్మజబ్బు. శబ్దం సన్నగిల్లి, తెర మసకబారితే అనుమానం ముందు వాటి మీదనే. అవి మార్చడానికి ఓపిక కావాలి, చెయ్యి నిలకడ కావాలి. అంతకంటె మాయ ఏమీ లేదు.

ఇంత చెప్పాక పెద్దమనుషుల వాదాలను ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి వాదం డబ్బుది. ‘దాని ఖరీదెంత, మీరు పెట్టే సమయమెంత? మీ గంటకు వెలకట్టుకుంటే కొత్తవి నాలుగు వస్తాయి.’

లెక్క తప్పని నేననను. లెక్కలోకి ఎక్కనిది ఒకటుందంటాను. ఒక బ్రిక్ గేమును విప్పి, జీబ్రా పట్టీ తుడిచి మళ్ళీ బిగించిన పదమూడేళ్ళ పిల్ల ఆ ఒక్క వస్తువునే నేర్చుకోలేదు. ఎన్నో పాత కాలిక్యులేటర్లలోనూ గడియారాలలోనూ ఉన్నది ఆ పట్టీయే. టీవీ రిమోటు గుండీల అడుగున ఉన్నది ఆ కార్బను చుక్కలే. వస్తువు ఖరీదు తగ్గుతూ పోతుంది, చేతికి వచ్చిన విద్య తగ్గదు. కొత్తది కొన్న ఇంట్లో కొత్తది మాత్రమే ఉంటుంది. బాగుచేసిన ఇంట్లో వస్తువూ ఉంటుంది, బాగుచేసే మనిషీ ఉంటుంది. ఈ రెండో దానికి వెలకట్టడం మీ లెక్కకు చేతకాదు గనుక దాన్ని సున్న అనుకుంటున్నారు. అసలు తగువు అక్కడ ఉంది.

మరో మాట. మరమ్మతు అంటే తయారీకి మూడు మెట్లు దిగువన ఉండే పని అనే భావం మనలో బాగా పాతుకుపోయింది. కనిపెట్టేవాడు గొప్ప, తయారుచేసేవాడు తరువాత, బాగుచేసేవాడు అందరికంటె చివర. ఈ అంతస్తుల్ని నమ్మేవారు గేమ్ బాయ్ పుట్టుక తెలుసుకోవాలి. దాన్ని రూపొందించిన బృందానికి పెద్ద గున్‌పెయ్ యొకొయ్. ఆయన 1965లో నింటెండోలో చేరినప్పుడు అది ప్రధానంగా పేకముక్కల కంపెనీ. 1889 నుంచీ క్యోటో నగరంలో హనఫుదా అనే పూలపేక ముక్కలు తయారుచేస్తూ వచ్చినది. యొకొయ్‌కు ఇచ్చిన ఉద్యోగం ఆ ముక్కలు చేసే యంత్రాలను పాడుకాకుండా చూసుకోవడం. మన భాషలో మెయింటెనెన్సు మనిషి! ఖాళీ సమయంలో సరదాకు చేసుకున్న సాగే చెయ్యి ఒకటి కంపెనీ అధిపతి కంటబడి, 1966లో బొమ్మగా బజారులోకి వెళ్ళింది. 1980లో గేమ్ అండ్ వాచ్, 1989లో గేమ్ బాయ్ ఆ చేతిమీదుగానే వచ్చాయి.

ఆయన సిద్ధాంతం కూడా బాగుచేసేవాడి సిద్ధాంతమే. అందరూ వాడి వాడి, లోటుపాట్లన్నీ తెలిసిపోయి, చవకబడిన పాత సాంకేతికతను తీసుకో. దాన్ని ఎవరూ చూడని పక్కనుంచి చూడు. మనం విసుగు పుట్టినప్పుడు ‘పాత చింతకాయ పచ్చడి’ అంటాం. కాని పథ్యం పెట్టవలసివచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు వెతికేది ఆ పాత పచ్చడినే, కొత్తదాన్ని కాదు. యొకొయ్ చేసింది అదే. పోటీవాళ్ళు రంగుల తెరలు తెస్తుంటే ఆయన నాలుగు ఛాయల తెర చాలన్నాడు. నిలువు 144, అడ్డం 160 చుక్కలు. రంగుల గేమ్ గేర్ ఆరు సెల్లులను మూడు నుంచి ఐదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో దానికి ఎన్నో రెట్లు నడిచేది. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిసి లోకమంతటా 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. యంత్రం ఎక్కడ అరుగుతుందో, ఎక్కడ విరుగుతుందో రోజూ చూసిన కళ్ళకు గాని ఈ నిగ్రహం రాదు. బాగుచేయడం తయారీకి తోక కాదు, వేరు.

* * *

ఈ మాట బోధన్‌వాళ్ళకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో చెరకు వచ్చింది. ఆ చెరకు కోసం 1930ల చివర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. ఆ పెద్దరికాన్ని గురించి అందరూ రాశారు. దాని ఆఫ్ సీజను గురించి రాసినవారు తక్కువ.

చెరకు నరికిన తరువాత ఆగదు. గంటలు గడిచేకొద్దీ అందులోని చక్కెర విరుగుతూ పోతుంది. అందుచేత గానుగ మొదలైతే మధ్యలో ఆపడానికి వీలుండదు. నవంబరు ప్రాంతంలో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా రాత్రింబగళ్ళు ఆడవలసిందే. ఆ తరువాత ఫ్యాక్టరీ ఆగుతుంది. అయినా పని ఆగదు. ఓవర్‌హాలింగ్ మొదలవుతుంది. రోలర్లు దింపి, అరిగిన గాళ్ళను మళ్ళీ చెక్కుతారు. ఇంటింటికీ తిరిగి రోళ్ళకు గంట్లు పెట్టే ఆడవాళ్ళు చేసే పనే అది, కొలత మాత్రమే వేరు. బాయిలరు గొట్టాల్లో పేరుకున్న పొక్కు రాలుస్తారు. రసం మరిగించే పాత్రల గొట్టాలు గోకి శుభ్రం చేస్తారు. ప్రతి పంపునూ విప్పుతారు, ప్రతి బేరింగునూ చూస్తారు. ఏటా కొన్ని నెలలు చక్కెర ఫ్యాక్టరీ అంతా ఒక పెద్ద మరమ్మతు దుకాణం. ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను - ఒక ఊరికి ఇంతమంది చేతిపనివాళ్ళను ఇచ్చింది గానుగాడే కాలం ఒక్కటే కాదు, ఆగిన కాలం కూడా.

2002లో ప్రభుత్వం మెజారిటీ వాటాను ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మూతకు కారణాలు రాజకీయాలవి, లెక్కలవి. పేచ్‌కస్ లేక మూతపడిందని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది వేరు. ఓవర్‌హాలింగ్ అంటే ఏమిటి? వచ్చే సీజను ఉందనే నమ్మకం. ఆ నమ్మకం లేనిచోట ఎవడూ రోలరుకు గాళ్ళు చెక్కడు. 2015 తరువాత శక్కర్‌నగర్‌కు వచ్చినది కూడా ఆఫ్ సీజనే, కాని ఓవర్‌హాలింగ్ లేని ఆఫ్ సీజను. దాని ముందు నిలబడి ‘పాతబడిపోయిందండీ, కొత్తకాలానికి పనికిరాదు’ అనేవారిని విన్నాను. ఆట పెట్టెను చూసి అనే మాటే. మాటలో అక్షరం మారలేదు. పారెయ్యమనే అలవాటు చిన్న వస్తువుల దగ్గర నేర్చుకుని పెద్ద వాటి దగ్గర ప్రయోగిస్తాం. చిన్నవాటి దగ్గరే దాన్ని ఎదిరించకపోతే పెద్దవాటి దగ్గర గొంతు పెగలదు.

* * *

రెండో వాదం చదువుకున్నవారిది. ‘ఆ ఆటలన్నీ ఫోనులోనే ఆడుకోవచ్చుగదా, ఆ డొక్కు పెట్టె దేనికి?’

ఆడుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆట నకలు ఉండటం మంచిదే. కాని ఆటకు నకలు ఉంది గనుక పెట్టె అక్కర్లేదనడం, కీర్తనలు రికార్డయ్యాయి గనుక వీణ అక్కర్లేదన్నట్టు ఉంటుంది. బొటనవేలి కింద గుండీ ఎంత లోతుకు దిగుతుందో, ఎండలో పట్టుకుంటే ఆ తెర ఎట్లా తేటపడుతుందో, గదిలో ఎట్లా మసకేస్తుందో అదంతా ఆటలో భాగమే. అంతకంటె ముఖ్యం, ఫోనులోని ఆట మీ చేతిలో ఉన్నట్టుంటుంది గాని పైవాడి దయ మీద ఉంటుంది. ఆ అంగడివాడు తీసేస్తే పోతుంది, ఫోను మారితే నడవదు. ముప్పై అయిదేళ్ళనాటి పెట్టె మాత్రం నాలుగు సెల్లులు పెడితే ఎవరి అనుమతీ అడగకుండా వెలుగుతుంది. ఎవరి అనుమతీ అడగకపోవడం చిన్న గుణం కాదు.

మూడో వాదం భయానిది. ‘ఇంట్లో చేసే పని కాదు, చేతులు కాలుతాయి, ప్రమాదం.’

ఇందులో కొంత నిజముంది. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. కిటికీ తెరిచి పనిచెయ్యాలి, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు, పసిపిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. కొత్తకాలపు పెట్టెల్లో లిథియం బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే పొడవడం, వంచడం చెయ్యకూడదు. అక్కడ ఆపి, తెలిసినవారికి అప్పగించాలి. ఇవన్నీ జాగ్రత్తలు. జాగ్రత్త చెప్పడం వేరు, భయపెట్టడం వేరు. వేడి నూనె మూకుడు ముందు నిలబడి రోజూ వంటచేసే ఇళ్ళలో సోల్డరింగ్ ఐరన్‌ను పులిలా వర్ణించడం వింతగా ఉంటుంది. ప్రమాదాన్ని తగ్గించేది తెలియజెప్పడం. దాచిపెట్టడం వల్ల అది పెరుగుతుందే గాని తగ్గదు.

ఇక నాలుగో వాదం కంపెనీలది. ఇదే అసలు వాదం. పై మూడూ దీని నీడలు. ‘మా వస్తువును మీరు విప్పకూడదు.’

ఈ మాట వాళ్ళు నోటితో అనరు, మరలతో అంటారు. గేమ్ బాయ్ వెనక మూతకు ఉన్నవి ఆరు మరలు. మామూలు నక్షత్రపు మరలు కావు, మూడు రెక్కల మరలు. కోస్తావారు తిరుపుళి అన్నా, మా ఇందూరువాళ్ళు పేచ్‌కస్ అన్నా, ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో మామూలుగా దొరికేది వాటికి పట్టదు. లోపలి మరలు మాత్రం మామూలువే! అంటే మూడు రెక్కలు గట్టిదనం కోసం వచ్చినవి కావు, గడప దగ్గర నిలబెట్టిన జవాను అన్నమాట. మా ఇళ్ళలో ఒకప్పుడు ఉన్న పాత రేడియోలు గుర్తు తెచ్చుకోండి. చాలావాటికి వెనక మూత లోపలి వైపున సర్క్యూట్ పటం అంటించి ఉండేది. చేసినవాడు ఎన్నడూ చూడబోని ఏదో ఊరి మెకానిక్కుకు రాసిన ఉత్తరం అది: ‘అయ్యా, ఇది ఇట్లా కట్టాను, పాడైతే ఇట్లా చూసుకో’ అని. ఆ ఉత్తరం రావడం ఎప్పుడు ఆగిందో అప్పుడే మనం కొనుక్కున్న వస్తువుకు అద్దెదారులమయ్యాం.

కొత్త ఆటపెట్టె ఒకటి పట్టుకుని ఒక సేవాకేంద్రానికి వెళ్ళాను. గుండీ ఒకటి పలకడం లేదు. బోర్డు మొత్తం మార్చాలన్నారు, బోర్డు రాదన్నారు, కొత్తది కొనుక్కోవడం మంచిదన్నారు. మూత విప్పి చూడలేదు. పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు; ఏ పేరు పెట్టినా కథ ఇట్లాగే నడుస్తుంది. ఆ మూడు మాటలూ అక్కడి కుర్రవాడివి కావు. అతని చేతికి పటం ఇవ్వనివాళ్ళు అతని నోటికి ఇచ్చినవి.

విడిభాగాలు ఇస్తే దొంగ ఆటలు పెరుగుతాయని వాళ్ళ భయమట. ఈ భయానికి చట్టసభలు కూడా తలవంచాయి. అమెరికాలో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2023లో బాగుచేసుకునే హక్కుకు చట్టాలు చేశాయి. ఫోన్లకూ కంప్యూటర్లకూ వర్తించే ఆ చట్టాలు వీడియో గేమ్ కన్సోళ్ళను మాత్రం పేరుపెట్టి మినహాయించాయి. కాని వాల్వ్ అనే కంపెనీ 2022లో స్టీమ్ డెక్ అనే చేతి ఆటపెట్టెను విడుదల చేసి, దాని విడిభాగాలను ఐఫిక్సిట్ ద్వారా బహిరంగంగా అమ్మకానికి పెట్టింది. దాన్ని ఎట్లా విప్పాలో ముందే తాము వీడియో తీసి చూపించింది. ఆకాశం విరిగిపడలేదు. చెయ్యడానికి వీలుకాక కాదు, మనసు లేక అన్నది దీంతో తేలిపోయింది. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన బ్యాటరీల నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి చిన్న పరికరాల బ్యాటరీలను కొన్నవాడే తీసి మార్చుకోగలిగేట్టు చెయ్యవలసి ఉంటుంది. నాలుగు సెల్లులు తీసి నాలుగు వేసుకునే 1989 నాటి సౌకర్యానికి తిరిగి రావడానికి చట్టం కావలసివచ్చింది!

మన దేశం సంగతి ఇంకా విచిత్రం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసుకునే హక్కు మీద ఒక సంఘాన్ని వేసింది. అదే ఏడు డిసెంబరులో ఒక పోర్టలు తెరిచింది. ముందుగా నాలుగు రంగాలు ఎంచుకున్నారు. వ్యవసాయ పరికరాలు, ఫోన్లూ టాబ్లెట్లూ, గృహోపకరణాలు, వాహనాలు. మంచిదే. కాని అది ఎవరు ఏమి సేవ ఇస్తారో చెప్పే జాబితాయే తప్ప, ఇవ్వనివాడి మెడ వంచే చట్టం కాదు. అందులో ఆటపెట్టె ఊసు లేదు. సరే, చిన్న వస్తువు, కంటికి ఆనలేదేమో అనుకుందామా? అట్లా అనుకోవడానికి లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల పట్టికలో చేతి వీడియో గేమ్ కన్సోలు పేరు స్పష్టంగా ఉంది. అంటే ప్రభుత్వానికి ఆ వస్తువు తెలుసు. చెత్తగా తెలుసు. బాగుచేయదగ్గ వస్తువుగా తెలియదు. పారెయ్యమనే పెద్దమనిషికీ రాజపత్రానికీ ఇంత ఏకాభిప్రాయం మరే విషయంలోనూ కుదిరి ఉండదు.

వ్యర్థాల నిబంధనలు వద్దని నా వాదం కాదు. కబాడీ దుకాణం వెనక తీగలు కాల్చి రాగి ఏరుకునే పద్ధతి పోవలసిందే. కాని చెత్త అయ్యాక ఏమి చెయ్యాలో చెప్పే నియమానికి ముందు, చెత్త కాకుండా ఏమి చెయ్యాలో చెప్పే నియమం ఉండాలి. వైద్యుణ్ణి పంపకుండా కాటికాపరిని నియమించినట్టుంది ఈ వరస.

చివరగా మరో రకం పెద్దమనుషులున్నారు, వారినీ వదలను. వీళ్ళు పారెయ్యమనరు. అద్దాల బీరువాలో పెట్టమంటారు. మూత విప్పితే విలువ పడిపోతుందంటారు. ఆడని ఆటపెట్టె, విప్పని మూత, ముట్టని గుండీ! లోపల సెల్లు కారుతున్నా, కెపాసిటరు ఉబ్బుతున్నా బయట ముద్ర చెక్కుచెదరకపోతే చాలునట. పారేసేవాడికీ ఇతనికీ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇద్దరికీ వస్తువుతో పని లేదు. ఒకరికి అది అడ్డు, ఇంకొకరికి ధర.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. మామూలు పేచ్‌కస్‌కు లొంగే మరలు పెట్టండి. పాత రేడియోకు అంటించినట్టు పటం ఇవ్వండి. గుండీ, తెర, బ్యాటరీ విడిగా అమ్మండి. అమ్మడం మానేసిన వస్తువు పటాన్నైనా లోకానికి వదిలెయ్యండి. బాగుచేసుకునే హక్కు జాబితాలో ఆటపెట్టెకు కూడా ఒక వరస ఇవ్వండి. పిల్లలు మొట్టమొదట విప్పి చూడాలనుకునే యంత్రం అదే గనుక, ఆ జాబితాలో దాని చోటు చివర కాదు, మొదట.

మిత్రులకు ఒక మనవి. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే కెపాసిటరుకు కొరత లేదు. తెలుగులో రాసిపెట్టిన మరమ్మతు పాఠానికి ఉంది. ఏ జబ్బుకు ఏ గుర్తు, ఏ మర ముందు విప్పాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి - ఇవన్నీ మన ఊళ్ళలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన పెద్దల చేతుల్లో ఉన్నాయి, కాగితం మీద లేవు. కిలుము, టంకం, కళాయి, అతుకు, మాటు - ఈ మాటలన్నీ ఆ చేతులతోనే బతుకుతున్నాయి. మీకు తెలిసిన మెకానిక్కు ఒక్కరున్నా ఆయన పక్కన ఒక సాయంత్రం కూర్చుని, అడిగి, ఆయన వాడిన మాటల్లోనే రాయండి. ఆ పని ఆయన ఉండగానే జరగాలి.

ఇక పెద్దమనుషులకు. ఇకమీదట ఎవరైనా ఒక పాత పెట్టెను చేతిలో పట్టుకుని కనిపిస్తే, పారెయ్యమనే ముందు వాళ్ళను మీరు అడిగే ఆ నాలుగు ప్రశ్నలూ మీకు మీరు వేసుకోండి: ఎందుకు పారెయ్యాలి, పారేస్తే అది ఎక్కడికి పోతుంది, దాని ఖర్చు ఎవరు మోస్తారు, ఎవరికి లాభం? నాలుగింటికీ జవాబు దొరికితే అప్పుడు చెప్పండి, వింటాను. అందాకా ఆ మూత విప్పడానికి నాకు మీ అనుమతి అక్కర్లేదు.